మొదటి ఆనపకాయ

నేను ఒక ఇరవై లీటర్ల పెయింటు బకెట్టును. ఇలా అనగానే మీలో సగంమంది పేజీ తిప్పేస్తారని తెలుసు. వెండిచెంబుకో, గోడగడియారానికో ఉన్న పరువు ప్లాస్టిక్కుకు ఎక్కడిది? అయినా కాస్త ఆగండి. ఒక వినాయక చవితినాడు నేను చూసినది ఎవరికైనా చెప్పకపోతే లాభం లేదు.

నా పుట్టుకే పెద్ద అదురు. తెల్లటి గింజలుగా ఉన్న నన్ను కరిగించి, అచ్చులో కుక్కి, రెప్పపాటులో బయటికి నెట్టారు. కడుపునిండా లేతాకుపచ్చ రంగు పోసి మూత బిగించారు. కాకినాడలో ఒక మేడకు రంగులు వేయడానికి వచ్చిన అప్పన్న మేస్త్రి నాలుగు రోజుల్లో నన్ను ఖాళీ చేశాడు. గోడలు కొత్తవయ్యాయి, నేను పాతదాన్నయ్యాను. పోతూ పోతూ, పైన అద్దెకుండే నూకరత్నం చేతిలో నన్ను పెట్టి, "నీళ్ళకి పనికొస్తదమ్మా" అన్నాడు.

ఆమె నన్ను నీళ్ళకి వాడలేదు. భర్త ధర్మారావును పిలిచింది. ఆయన ఓడరేవులో తూకాల గుమాస్తా. ఇనపచువ్వ పొయ్యి మీద ఎర్రగా కాల్చి నా అడుగున ఆరు చిల్లులు పొడిచాడు. బకెట్టుకు అంతకన్నా అవమానం ఉందా? ఇక నా బతుకు అయిపోయిందనుకున్నాను. మర్నాడు నాలో మట్టి, పేడ ఎరువు పడ్డాయి. వారం తిరక్కుండా బచ్చలి మొలిచింది.

ఆ మేడ మీద ఉన్నవి రెండు గదులు, మిగతాదంతా ఎండ. ఆ ఎండని ఆమె వృథా పోనిచ్చేది కాదు. ఆషాఢంలో గోంగూర కోసి పచ్చడి నూరేది. కార్తీకంలో నా బచ్చలి తెంపి, కందతో కలిపి, ఆవపెట్టి వండేది. రథసప్తమికి చిక్కుడు ఆకుల్లో పరమాన్నం వడ్డించి సూర్యుడికి చూపించేది. పంచాంగం గోడకి వేలాడుతున్నా, ఏ పండగ వస్తోందో ఆమె మొక్కల్ని చూసే చెప్పేది.

ధర్మారావు మాత్రం నోరారా మెచ్చుకున్న పాపాన పోలేదు. ఉప్పు ఒక రవ్వ తక్కువైనా, పోపు ఒక క్షణం ఎక్కువ వేగినా తూకం వేసినట్టు చెప్పేసేవాడు. ఆరేళ్ళు ఆ కూరల తీర్పులు విన్నాను. పాపం, ఆమెకు అలవాటైపోయింది.

ఆ ఏడు ఆమె మనసు ఆనపకాయ మీద పడింది. మీలో కొందరు దాన్ని సొరకాయ అంటారు. ఉప్పుటేరు గట్టున ఎవరూ నాటకుండా అల్లుకున్న పాదు నుంచి ఎండుకాయ ఒకటి తెచ్చి, ఏరువాక పున్నమినాడు నాలో రెండు గింజలు పెట్టింది. పాదు పందిరెక్కింది. సాయంత్రం తెల్లపూలు విచ్చుకునే వేళ మగపువ్వు తుంచి ఆడపువ్వుకు తాకించేది. పిందెలన్నీ రాలిపోయి ఒక్కటే నిలిచింది. దిష్టి తగలకుండా దానికి పాత గుడ్డ చుట్టి, రోజూ పొద్దున్నే దాన్ని విప్పి చూసుకుని మళ్ళీ కట్టేది.

చవితినాడు ఆ కాయ కోసింది. ఉండ్రాళ్ళు, పులిహోరతోపాటు ఆనపకాయ బెల్లంపులుసు పెట్టింది. దేవుడికి పెట్టేది ఎంగిలి చేయకూడదని రుచి చూడలేదు. పూజ అయ్యాక ఒక గిన్నెడు కింద ఇంటావిడ అచ్చాయమ్మకు ఇచ్చివచ్చి, భర్తకు వడ్డించింది. వంటగది గుమ్మం పక్కనే నేను. అంతా కనిపిస్తోంది.

"మన మేడ మీద కాసిన మొదటి కాయండీ. ఎలా ఉంది?"

ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆగింది. తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. మింగాడు.

"బాగుందే."

నేను ఉలిక్కిపడ్డాను. ఆరేళ్ళలో ఆ మాట ఆయన నోట వినలేదు. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇంకాస్త వెయ్యి," అన్నాడు.

వేసింది. అది కూడా తిన్నాడు. నుదుట చెమట పట్టింది.

"ఆ గిన్నె ఇటు పెట్టెయ్. నాకొక్కడికే కావాలి."

"నాకు అక్కర్లేదేంటండీ?"

"నువ్వు పప్పుతో తిను."

గిన్నె గీకి మరీ తిని లేచాడు. ఇంత ప్రేమ ఏ మూల దాచుకున్నాడా అని ఆమె మురిసిపోతూ కంచం ముందు కూర్చుంది. ఇంకా చెయ్యి పెట్టలేదు. ఆయన బయటికి వచ్చి పిట్టగోడ పట్టుకున్నాడు. నా పక్కనే మోకాళ్ళ మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. ఒకసారి కాదు, ఆగకుండా. నాలుగోసారి నేల ఎర్రబడింది.

నాలో నిలబడిన పాదు గాలికి మెల్లగా ఊగుతోంది. దానికి ఏమీ తెలియదు. నాకూ తెలియలేదు.

ఆమె పరుగెత్తుకొచ్చి ఆయన తల పట్టుకుంది. "ఏమైందండీ? ఏం తిన్నారు?"

"పులుసు... చేదు," అన్నాడు. "నువ్వు తినలేదు కదా?"

ఆమె మొహంలో రంగు పోయింది. "కింద పిన్నికి ఇచ్చానండీ!" అని కేకవేసి మెట్లవైపు దూకింది.

అప్పటికే అచ్చాయమ్మ గిన్నె పట్టుకుని మెట్లెక్కి వస్తోంది. డెబ్బై ఏళ్ళ మనిషి, రొప్పుతోంది.

"ఒసే రత్నం! ఇది నోట్లో గాని పెట్టుకున్నావేంటే? నాలిక్కి తాకగానే ఉమ్మేశాను. చేదు ఆనప విషమే!"

"నేను తినలేదు పిన్నీ. ఆయన గిన్నెడు తినేశారు."

ముసలావిడ గిన్నె వదిలేసింది. అది మెట్ల మీద దొర్లుతూ పోయిన చప్పుడు, వెనకే ఆటో కోసం వీధిలోకి పెట్టిన కేకలు, ఆ తర్వాత మేడంతా నిశ్శబ్దం.

రెండో రోజు పొద్దున ఆమె ఒక్కతే వచ్చింది. పండగచీర మారలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి, రెండు చేతులతో పాదు మొదలు పట్టుకుని పీకేసింది. పందిరి కూలింది. నన్ను బోర్లా తిప్పి మట్టంతా పారబోసింది. ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నాలుగో రోజు ధర్మారావు వచ్చాడు, సగమైపోయి. ఆస్పత్రిలో సెలైన్ల మీద సెలైన్లు ఎక్కించారట, ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేమన్నారట. మెట్లెక్కి వచ్చి, బోర్లించి ఉన్న నా మీదే కూలబడ్డాడు. అప్పుడే నా పక్క పిటుక్కుమని చిట్లింది.

"చేదుగా ఉందని చెప్పొచ్చు కదండీ," అంది ఆమె. "ఉప్పు తక్కువైతే చెబుతారు. విషానికి నోరు పెగల్లేదా?"

"విషమని నాకేం తెలుసే? పాడైన కాయనుకున్నాను. రెండు నెలలు దాన్ని పిల్లలా పెంచావు. నీ మొహం చూసి చెప్పలేకపోయాను. నువ్వు తింటే నీకే తెలిసిపోద్దని మొత్తం నేనే తినేశాను."

"ఇకమీద నా మొహం చూడకండి. కంచం చూసి చెప్పండి."

ఆయన భుజం కింద చెయ్యి వేసి లేపి, లోపలికి నడిపించుకెళ్ళింది.

వీధిలో మాటలు ఆగలేదు. "పండగపూట మొగుడికి విషం పెట్టిందట" అనే గుసగుస కొళాయి దగ్గర మొదలై మేడ మీదికి కూడా ఎక్కింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె కిందికి దిగనే లేదు. తొమ్మిదో రోజు సాయంత్రం, నిమజ్జనానికి ముందు, చీర సర్దుకుని దిగి వెళ్ళింది. కాసేపటికి వీధి వినాయకుడి పందిట్లో పాట ఆగి, మైకులో ఒక గొంతు వినిపించింది. నలుగురిలో పేరు అడిగితేనే తల దించుకునే మనిషి గొంతు!

"నా పేరు నూకరత్నం. మా ఆయనకి విషం పెట్టింది నేనే."

వీధి వీధంతా బిగుసుకుపోయింది.

"తెలియక పెట్టాను. ఎంగిలవుద్దని రుచి చూడలేదు. మీరు అలా చెయ్యకండి. ఆనపకాయ గాని, దోసకాయ గాని, బీరకాయ గాని కోసినప్పుడు చిన్న ముక్క నాలిక్కి రాసి ఉమ్మెయ్యండి. చేదు తగిలితే కాయంతా పారెయ్యండి. ఎంత ముద్దుగా పెంచుకున్నా సరే పారెయ్యండి. దేవుడేమీ అనుకోడు."

మర్నాడు పక్కవీధిలో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి ఒకతె తన పెరట్లో కాసిన ఆనపకాయ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "భయమేస్తందండీ. మీరు చూసి చెప్తారా?"

నూకరత్నం తొడిమ దగ్గర ముక్క కోసింది. ధర్మారావు చెయ్యి చాపి, "ఇటివ్వు, నేను చూస్తాను," అన్నాడు. ఆమె ఆయన చేతి మీద చెళ్ళున కొట్టింది. కళ్ళు మూసుకుని, ముక్క నాలిక్కి తాకించుకుంది.

"చేదు లేదు. వండుకో తల్లీ," అంది.

ఆ పిల్ల మెట్లు దిగాక నేల మీద చతికిలపడి, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఏడ్చింది.

చిట్లిన బకెట్టు దేనికీ పనికిరాదు గనక, ఆ వారమే నన్ను పాత సామాన్ల బండికి ఇచ్చేశారు. ఇప్పుడు కుర్చీ కోళ్ళ మధ్య, పగిలిన మగ్గుల మధ్య, గుట్టలో ఉన్నాను. మళ్ళీ కరిగించి ఏదో ఒకటి చేస్తారట. ఏం చేసినా సరే. కంచం మాత్రం చేయకండి బాబూ. మనిషి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తలెత్తేటప్పుడు ఆ మొహం చూసే ధైర్యం నాకు లేదు.