తొడ మీది బూడిద

మా అత్త కుంతల నోటికి జడవని వాళ్లు ఒడిశాలోని మా కేంఝర్ సంతలోనే లేరు. అలాంటి మనిషి చచ్చాక మాత్రం ఊరుకుంటుందా?

దసలి పట్టుకాయలు, అంటే అడవి పట్టుపురుగుల గూళ్లు, ఉడకబెట్టి, తొడకు బూడిద రాసుకుని, దాని మీద అరచేత్తో పురిపెడుతూ జీవితమంతా దారం తీసింది. కోడళ్లం ఇద్దరికీ ఆమే నేర్పింది. చివరికి తొడ పుండయి, ఆ పుండుతోనే పోయింది. మరుసటి ఏడు మా ఊరికి సోలార్ మిషన్ వచ్చింది. ఎండ ఉంటే చాలు, దారం దానంతటదే పురి తిరిగి చుట్టుకుంటుంది.

దాన్ని నా తోటికోడలు సేబతి వసారాలో, అత్త కూర్చునే చోటే పెట్టారు. ఏం లాభం? దారం మాటిమాటికీ తెగేది.

"అత్తే తెంపుతోంది అక్కా. తనకు దక్కని సుఖం మనకెందుకని" అంటూ సేబతి వణికేది. ఊరి ఆడవాళ్లు ఆ గడప తొక్కడం మానేశారు. జూన్‌లో వచ్చే రజ పండుగలోగా మంచి దారం రాకపోతే మిషన్‌ను పక్కూరికి ఇచ్చేస్తానని దాన్ని ఇచ్చిన మహిళా సంఘం మేడమ్ చెప్పేసింది. అది పోతే సేబతి మళ్లీ తొడ అరగదీసుకోవాల్సిందే. అప్పటికే ఆమె తొడ మీద చర్మం నల్లగా కమిలిపోయింది.

నాకు ఒళ్లు మండింది. "బతికినన్నాళ్లూ కాల్చుకు తింది, చచ్చీ వదలదా!" అనుకుంటూ వెళ్లి మిషన్ పక్కనే కూర్చున్నాను.

సేబతి చీర పైకి జరుపుకుని, తొడకు బూడిద రాసుకుని, అదే చేత్తో తడి దారాన్ని మిషన్‌కు ఎక్కించింది. చక్రం తిరిగింది. దారం తెగింది.

"ఒసేయ్, మిషన్‌కు బూడిదెందుకే?"

"రాసుకోకుండా దారం ముడితే చేతులు పడిపోతాయని అత్త అనలేదూ?"

దారం దూరే రంధ్రంలో వేలు పెట్టి చూశాను. బూడిద పేరుకుని గరుకుగా తగిలింది. దారం అక్కడే కోసుకుపోతోంది. దాన్ని తుడిచేసి, సేబతిని లాక్కెళ్లి చేతులు కడిగించాను. ఏడుస్తూనే కడుక్కుంది.

ఆ తర్వాత దారం తెగలేదు. మిషన్ మాకే ఉండిపోయింది. "అత్తాకోడళ్లు రాజీపడ్డారా?" అని నవ్వుకుంటూ ఆడవాళ్లు మళ్లీ రాసాగారు.

సేబతి మాత్రం నవ్వలేదు. "తెగినప్పుడల్లా అత్త వచ్చిందనుకునేదాన్ని అక్కా. బూడిద మానేశాక ఒక్కసారీ రాలేదు."

"పీడ విరగడైంది" అన్నాను.

పొద్దు వాలి మిషన్ ఆగింది. సేబతి అరచెయ్యి మాత్రం తొడ మీద ముందుకీ వెనక్కీ కదులుతూనే ఉంది, దారం లేకుండానే. ఆపమందామని నోరు తెరిచాను. నా చెయ్యి కూడా అదే పని చేస్తోంది.