మగదిక్కు ఉన్న ఇల్లు

ఎవరూ తొడుక్కోని చొక్కాను వారం వారం ఉతకడం ఎంత దండగమారి పనో స్టెల్లాని అడిగితే చెబుతుంది. నీలం గళ్ల చొక్కా. కాలరు రుద్ది, జాడించి, వీధిలోకి కనపడేలా వరండా తీగ మీద ఆరెయ్యాలి. గుమ్మం పక్కన మగవాళ్ల చెప్పుల జత ఒకటి. దుమ్ము పడితే గుట్టు బయటపడుతుందని వాటినీ తుడవాలి. నాలుగేళ్ల క్రితం మొగుడు రాజ్ కుమార్ రేపల్లెలో ఇంకొకావిడ ఇంట్లో చేరిపోయినప్పుడు అత్తగారు జ్ఞానమ్మ నేర్పిన విద్య ఇది. "మగదిక్కు లేదని తెలిస్తే తెనాలంతా మన గుమ్మం ముందే నిలబడుద్దమ్మా. ఎదిగే ఆడపిల్ల ఉన్న ఇల్లు. నా మాట విను," అంది. స్టెల్లా విన్నది. వినక ఏం చేస్తుంది?

పొద్దున్నే అత్తగారికి టిఫిను, బీపీ మాత్ర, మోకాళ్లకి నూనె. తర్వాత చీరల కొట్టులో రాత్రిదాకా నిలువుకాళ్ల ఉద్యోగం. కూర్చుంటే ఓనరు "ఏంటమ్మా, అలసిపోయావా?" అని అందరి ముందూ అడుగుతాడు. ఆదివారం చర్చిలో ఎవరైనా "మీవారు కనపడట్లేదే" అంటే, "డ్యూటీ అండి" అని నవ్వడం కూడా ఆమె పనే. దానికి జీతం ఎవరిస్తారు? వెళ్లేరోజు రాజ్ కుమార్ బ్యాగు సర్దుకుంటూ, "నువ్వున్నావుగా, అమ్మకేం లోటు," అన్నాడు. అదేదో మెచ్చుకోలు అనుకుని కొన్నాళ్లు గర్వపడింది కూడా, పిచ్చిది.

కూతురు షారోన్ బాపట్లలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. పిల్లల చదువుకి ప్రభుత్వం ఇచ్చే భృతికి రెండు రేట్లు. తల్లిదండ్రులిద్దరూ ఉన్న ఇంటికి మామూలు రేటు, తల్లి ఒక్కతే లాక్కొస్తున్న ఇంటికి ఎక్కువ రేటు. మామూలు రేటుతో హాస్టల్లో అన్నం కూడా దొరకదు. "ఎక్కువ రేటు రాకపోతే వచ్చేస్తానమ్మా. మీ కొట్లోనే ఏదో పని చూడు," అంది షారోన్ ఫోన్‌లో, ఏడవకుండా. ఏడిస్తే బాగుండేది. ఆ గొంతు విన్నాక స్టెల్లా అత్తగారికి కూడా చెప్పకుండా, భర్త తనతో ఉండటం లేదని మొదటిసారి నిజం రాసి దరఖాస్తు పెట్టింది.

విచారణకి వార్డు సచివాలయం నుంచి వినయ్ కుమార్ అనే కుర్రాడు పొద్దున్నే వచ్చేసరికి చొక్కా తీగ మీద నీళ్లోడుతూ ఉంది. చేతులకి అలవాటైపోయిన పని, బుర్రని అడిగి చెయ్యవు కదా.

"భర్త ఇక్కడ ఉండరా అమ్మా?"

"ఉండరండి. నాలుగేళ్లయింది."

"మరి ఆ చొక్కా?"

"నేనే ఉతికానండి. వీధిలో అనుకుంటారని..." చెబుతుంటే తనకే అబద్ధంలా వినపడింది.

అప్పుడు మంచం మీద నుంచి జ్ఞానమ్మ తీరిగ్గా అంది. "మావాడు డ్యూటీకెళ్లాడు బాబూ. రాత్రికొస్తాడు. మొగుడూ పెళ్లాలు మాటా మాటా అనుకున్నారు, అంతే."

స్టెల్లా అత్తగారి కళ్లలోకి చూసింది. ఆవిడ చూపు తిప్పుకుంది.

వినయ్ కుమార్ ఇబ్బంది పడ్డాడు. "నన్ను తప్పుగా అనుకోకండి. కన్నతల్లే ఉన్నాడంటుంటే లేడని నేనెలా రాయను? ఎల్లుండి దాకా ఆగుతాను. ఆయన వేరే చోట ఉంటున్నట్టు ఏదైనా చూపించండి. లేకపోతే మామూలు రేటే," అని ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లిపోయాడు.

స్టెల్లా మంచం దగ్గరికి వెళ్లింది. "ఎందుకు అత్తయ్యా? ఇప్పుడు కూడా పరువేనా? మనవరాలి చదువు పోతుంటే?"

జ్ఞానమ్మ చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "పరువు కాదులే. వాడు అక్కడున్నాడని కాగితాల్లోకెక్కితే ఆ రేపల్లె ఆవిడ కూతురికి ఎక్కువ రేటు ఆగిపోద్ది. చీరాలలో నర్సింగు చదువుతోంది. వాడు మొదటే చెప్పాడు, నా పేరు తెనాలి ఇంట్లోనే ఉండాలమ్మా, నువ్వే చూసుకోవాలి అని."

"మొదటే అంటే?"

"ఎళ్లేటప్పుడే. ఎవరన్నా అడిగితే ఇల్లు చూసి నమ్మాలి గదా." మెల్లిగా అంది. "పాపం, ఆ పిల్లకి తండ్రి లేడు స్టెల్లా."

"మన పిల్లకి?"

జ్ఞానమ్మ దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కుంది.

స్టెల్లా నేల మీద కూలబడింది. మొగుడు వెళ్లిపోవడం మోసమే, కానీ ఆ దెబ్బకి మనసు ఎప్పుడో కాయకాచింది. ఇది వేరే. ఊరికి భయపడి, కూతురికి కాపలా అనుకుని, నాలుగేళ్లు తన చేతులతో తానే ఆ మనిషిని ఇంట్లో నిలబెట్టింది. తన బిడ్డ నోటి దగ్గర కూడు లాగి ఇంకో ఇంటికి పంపే పని తనచేతే చేయించారు. చేయించింది ఎవరు? తను నూనె రాసిన మోకాళ్లు, తను కలిపి పెట్టిన ముద్దలు తిన్న నోరు. ఒళ్లు మండిపోయింది. రేపల్లె పిల్ల మీద కోపం లేదు, దానికేం తెలుసు. ఈ ముసలమ్మకి అన్నీ తెలుసు. తెలిసీ ప్రతి రాత్రీ "దేవుడు నిన్ను దీవించాలమ్మా" అని నెత్తిన చెయ్యి పెట్టేది.

ఎంతసేపటికో లేచింది. అత్తగారి చీరలు, బైబిలు, మాత్రలు సంచిలో సర్దింది. పెట్టేటప్పుడు ఏ మాత్ర ఎప్పుడో మళ్లీ ఒకసారి చెప్పింది.

"ఎక్కడికే?" జ్ఞానమ్మ మంచం పట్టె పట్టుకుంది. "నువ్వు లేకపోతే నన్నెవరు చూస్తారు?"

"మీ అబ్బాయి. ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో చూసుకుంటాడు."

తర్వాత వినయ్ కుమార్‌కి ఫోన్ చేసింది. "బాబూ, సాయంత్రం ఆయనుంటున్న గుమ్మం ముందు నుంచి వీడియో కాల్ చేస్తాను. తలుపు ఎవరు తీస్తారో మీరే చూద్దురు గాని." కొట్టు ఓనరుకి ఫోన్ చేసి ఇవాళ రానని చెప్పింది. ఎందుకని అడిగినా చెప్పలేదు.

తెనాలి స్టేషన్లో అత్తగారిని జాగ్రత్తగా బెంచీ మీద కూర్చోబెట్టి, కౌంటరు దగ్గరికి వెళ్లింది.

"రేపల్లెకి రెండు టిక్కెట్లండి. ఒకటి రానూ పోనూ, ఒకటి పోవడానికే."