సభకు వచ్చిన వాగు

ఎడపల్లి పక్క పల్లె నుంచి ఈరవ్వ రోజూ పొద్దున పుంటికూర గంపతో బోధన్ బస్సెక్కేది. ఆమె వెనకే ఊరి వాగు కూడా ఎక్కేది.

"కాళ్లు మీదికి పెట్టుకోండ్రి, వాగొస్తున్నది" అనేవాడు కండక్టర్. జనం చెప్పులు చేతబట్టుకునేవాళ్లు. కూర అమ్ముడుపోయేదాకా అది అంగట్లో ఓ మూలన పడుకుని, ఆమెతోనే తిరిగొచ్చేది.

ఆ ఏడు ఈరవ్వ రెండెకరాల చెరకు పక్కన స్పిరిట్ ఫ్యాక్టరీ పెడతామని ఒక కంపెనీ వచ్చింది. అనుమతికి ముందు ఊరోళ్ల మాట వినాలని చట్టం. బడి ముందర షామియానా వేశారు. సభ నడపడానికి సౌందర్య అనే అధికారి వచ్చింది. కంపెనీ తరఫున భాస్కర్ నివేదిక చదివాడు.

"పది కిలోమీటర్ల లోపల వాగులు, వంకలు ఏవీ లేవు."

ఈరవ్వ లేచింది. "సారూ, నువ్వు మా ఊరికి ఎన్నడొచ్చినవ్?"

"శాటిలైట్ మ్యాపులు చూసి రాసినమమ్మా."

"పైకెల్లి సూస్తే చెరకు కనబడ్తది. చెరకు నడుమ పారేది కనబడ్తదా?"

"ఉంటే చూపించాలె. ఉత్త మాటలు చెల్లవు."

ఈరవ్వ పక్కకు జరిగింది. వెనక వరస నుంచి వాగు లేచి, కుర్చీల కిందుగా వచ్చి, వేదికెక్కి మోకాలి లోతున నిలబడింది. భాస్కర్ కాగితాలు నెత్తి మీదికి ఎత్తుకుని పోలీసులను పిలిచాడు.

"పట్టుకపోతరా?" అంది ఈరవ్వ. "పట్టుకపోండ్రి. బిందెలియ్యాల్నా?"

సౌందర్య ఇలాంటి సభలు చాలా నడిపింది. ప్రతిసారీ కంపెనీ ఇచ్చిన కాగితమే పైకి పంపింది. ఈసారి తడిసిన చీరతోనే పెన్ను తీసింది.

"అవ్వా, దీని పేరేంది?"

"పేరు లేదు బిడ్డా. వాగూ అంటే పలుకుతది."

రాసింది అందరికీ చదివి వినిపించాలని నియమం. ఆమె గొంతెత్తి చదివింది: "వాగు ఉన్నది. సభకు హాజరైంది. ఒప్పుకోలేదు."

రెండు నెలలకు పైనుంచి ఫైలు తిరిగొచ్చింది. పాత నివేదిక చెల్లదు, మొదటి నుంచి చూడాలన్నారు. అదే వారం సౌందర్యకు బదిలీ అయింది. ఆమె రాసిన మాటను మాత్రం ఎవరూ కొట్టేయలేకపోయారు.

చెరకు నరుకుతున్న ఈరవ్వకు భాస్కర్ ఫోన్ చేశాడు. "మళ్లీ సర్వే చెయ్యాలె అవ్వా. ఎప్పుడు రమ్మంటవ్?"

"ఎప్పుడన్న రా" అంది ఈరవ్వ, కత్తి ఆపకుండానే. "ఈపారి నడిసి రా."