నల్లదా, ఎర్రదా

గిటారు మోత పెంచే యాంపుల్లో నల్లది కొనాలా, ఎర్రది కొనాలా అన్నది తేలక తమ్ముడికి పిచ్చెక్కుతోంది. డ్రమ్స్ వాయించేది అతని అక్క కాబట్టి బ్యాండులో అందరికీ అతను తమ్ముడే. రెండు యాంపులూ లోపలి గాజు ట్యూబులు వేడెక్కాక గర్జించే రకం, ఎత్తితే నడుం విరిగే బరువు. దుకాణం వాడు చూసుకొమ్మని ఇచ్చాడు, సాయంత్రానికి ఒకటి వెనక్కి రావాలన్నాడు.

ఇంట్లో తలుపేసుకుని వాయిస్తే రెండూ బ్రహ్మాండమే. పాత పరుపులు గోడలకు కొట్టిన ఈ ఇరుకు ప్రాక్టీసు గదిలో అందరితో కలిసి మొదలుపెడితే మాత్రం అతని గిటారు జాడ లేకుండా పోతోంది.

"నువ్వు వాయిస్తున్నావా, ఊరికే తల ఊపుతున్నావా?" అన్నాడు పాడే అతను. "శనివారం ప్రోగ్రాంలో కూడా వినపడకపోతే వేరేవాణ్ని చూసుకుంటాను. ఏమీ అనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటాడు? గిటారు తప్ప ఇంకో ధ్యాస లేనివాడు. ఒళ్లు మండి నల్లది పీకి ఎర్రది పెట్టాడు, గర్జన పెంచే గెయిన్ నాబ్ చివరిదాకా తిప్పాడు. అదే హోరు, అందులో తను మాయం. మళ్లీ నల్లది పెట్టాడు. నడుం పట్టేసిందే గానీ ఒరిగిందేమీ లేదు.

అక్క లేచి వచ్చింది. "జరుగు." గెయిన్ సగానికి తగ్గించింది. మధ్యస్థాయి స్వరాలను పైకి తెచ్చే, అతనెప్పుడూ సున్నా దగ్గరే ఉంచే మిడ్‌ను పైకి తిప్పింది.

"రేకు డబ్బా మోగినట్టుందక్కా. దీన్ని మెటల్ సంగీతం అంటారా?"

"ఒక్కడివే వింటే అలాగే ఉంటుంది. మాతో కలిసి వాయించు."

వాయించాడు. డ్రమ్స్ మోత దాటి గిటారు మీద అతని ప్రతి దెబ్బా వినపడింది. పోయిన ప్రాణం లేచొచ్చింది.

పాట వేగం అందుకునే చోట అక్క ఆగిపోయింది. "అక్కడ నాలుగు దెబ్బలు కదరా. రెండే వేస్తున్నావు."

"ఈ ఒక్కసారే తప్పింది."

మళ్లీ వాయించారు. మళ్లీ రెండే. పాడే అతను ఇటే చూస్తున్నాడు.

ఇన్నాళ్లూ ఆ హోరు చాటున దాక్కున్నది తన కుడిచెయ్యేనని తమ్ముడికి అర్థమైంది. ఏడుపొచ్చినంత పనైంది. తిట్టడానికి యాంపు కూడా మిగల్లేదు.

"ఎర్రది పెట్టి చూద్దామా?" అన్నాడు. అతని చెయ్యి మెల్లగా గెయిన్ వైపు పోయింది. అక్క ఆ చేతి మీద డ్రమ్ము పుల్ల ఆనించింది.

"నీ పాతదే చాలు. సాయంత్రం రెండూ ఇచ్చేసి రారా," అంది.