వన్నె పార్లర్‌లో దొరసాని

నేను ఒక తలను. మొండెం లేదు. మెడ కింద బల్లకు బిగించుకునే మర ఒకటి ఉంటుంది, అంతే. జుట్టు కత్తిరించడం, జుట్టుకు రంగు వేయడం నేర్చుకునేవాళ్లు బతికున్న మనుషుల దాకా వెళ్లే ముందు తమ తప్పులన్నీ నా మీద చేసి పెట్టుకుంటారు. ఇప్పుడు నా మీద ఒక్క వెంట్రుక కూడా లేదు. అది ఎలా పోయిందో చెప్పాలనిపించి నోరు విప్పుతున్నాను.

నా ముఖం ఏదో పరాయి దేశపు అచ్చులో పోసింది. నీలికళ్లు, సన్నటి ముక్కు, ఎవర్నీ చూడకుండానే నవ్వే పెదవులు. జుట్టు మాత్రం అచ్చంగా ఇక్కడిదే. కొండ మీద ఎవరో ఇల్లాలు మొక్కు తీర్చుకుంటే రాలిన జుట్టు. గోనె సంచుల్లో ఒక షెడ్డుకు చేరితే, అక్కడ ఆడవాళ్లు నేల మీద కూర్చుని చిక్కులు తీసి, పొడుగూ పొట్టీ వేరు చేసి, సూదులతో నా రబ్బరు మాడులో నాటారు. ఆవిడ ఎవరి కోసం మొక్కుకుందో నాకు తెలియదు. ఆ మనిషి కోలుకునే ఉంటారని అనుకుంటాను. అలా అనుకోవడానికి ఖర్చేమీ లేదు కదా.

హైదరాబాదులో సుల్తానా మేడమ్ నడిపే బ్యూటీ ఇన్‌స్టిట్యూట్ నా మొదటి ఇల్లు. అక్కడి అమ్మాయిలు నా నీలికళ్లు చూసి నన్ను దొరసాని అనేవారు. దువ్వెన పట్టుకుని నాతో తమ కష్టాలన్నీ చెప్పుకునేవారు. చెవులు రబ్బరువైతే మనుషులు ఎంత ధైర్యంగా మాట్లాడతారో అక్కడే చూశాను.

వాళ్లలో లోవకుమారి ఒకతి. కాకినాడ దగ్గర ఉప్పాడ పిల్ల. వాళ్ల నాన్న వీర్రాజు మగ్గాలకు నూలు అద్దకం చేసేవాడట. మిగతా పిల్లలు రంగు గొట్టాల మీది అంకెలు బట్టీ పడుతుంటే, లోవ మాత్రం గిన్నెలోకి చూసి, ఇది కనకాంబరం, ఇది వంగపండు, ఇది మామిడిచిగురు అని గొణుక్కునేది. సుల్తానా మేడమ్ మొదట నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి, పక్కన నిలబడి చూడసాగింది.

నల్లటి జుట్టు మీద ఏ రంగూ కనబడదు. ముందు నలుపును దింపాలి. మందు పెడితే నలుపు ఇటుక రంగవుతుంది, తర్వాత నారింజ, ఆ తర్వాత అరటితొక్క లోపలి వైపు ఉండే లేత పసుపు. ఆ మిగిలిన పసుపును చంపడానికే అందరూ అవస్థ పడతారు. లోవ చంపలేదు. పచ్చ కావాలంటే నూలును ముందు పసుపులో ముంచి, ఆనక నీలంలో ముంచడం వాళ్ల నాన్న పని. లోవ అదే నా మీద చేసింది. లోపలి పొరలో పసుపు ఉంచేసి దాని మీద నీలం పూసింది, పైన నల్ల జుట్టును అలాగే వదిలేసింది. ఆరాక నన్ను అటూ ఇటూ తిప్పితే, నలుపు చాటు నుంచి ఒక్క క్షణం నీలమూ పచ్చా కలిసి మెరిసి మళ్లీ దాక్కున్నాయి. "నెమలికంఠం" అంది లోవ నెమ్మదిగా. చదువు పూర్తయ్యాక సుల్తానా మేడమ్ నన్ను పాత చీరలో చుట్టి ఆ పిల్ల చేతికిచ్చింది.

అలా కాకినాడ చేరాను. పార్లర్‌కు లోవ "వన్నె" అని పేరు పెట్టింది. చాలాకాలం జనం చీరల కొట్టనుకుని లోపలికొచ్చి, కుర్చీలూ అద్దాలూ చూసి సిగ్గుపడి వెళ్లిపోయేవారు. వీర్రాజు ఒకసారి వచ్చి కుర్చీ అంచున కూర్చుని, "నూలుకేస్తే చీరవుద్ది. తలకేస్తే ఏమవుద్దే?" అని అడిగాడు. నాలుగు తల స్నానాలకు వెలిసిపోతుందని కూతురు నిజమే చెప్పింది. ఆయన, వెలిసేదాకా ఉంటుంది కదా అని లేచాడు.

మెల్లగా కాలేజీ అమ్మాయిలు వచ్చారు, వాళ్ల వెనక వాళ్ల అమ్మలు వచ్చారు. ఇంట్లో తెలియకూడదు కానీ రంగు మాత్రం ఉండాలనేవాళ్లే ఎక్కువ. లోవ దగ్గర దానికి ఉపాయం ఉంది. చీర మడతలో మరో రంగు దాగినట్టు, జడ లోపల, ముడి కింద, చెవి వెనక వేసేది. కొత్త రంగు ఏదైనా ముందు నా మీదే. ఇంకొక కట్టుబాటు కూడా ఉండేది. మందు కలిపే ముందు మనిషి చెవి వెనక నుంచి చిటికెడు జుట్టు కత్తిరించి, గిన్నెలో మందులో వేసి చూసేది. ఎందుకంటే తలకు ఏం పెడతారని అడిగితే ప్రతివాళ్లూ కొబ్బరి నూనె తప్ప ఏమీ ఎరగమనే చెబుతారు. నాకు తెలిసినంతలో మనుషులు వయసు దగ్గర, జుట్టు దగ్గర ఆడే అబద్ధాలకు పాపం అంటదని నమ్ముతారు.

భ్రమరాంబ టీచరు వచ్చిన రోజు శుక్రవారం. ఆవిడ ఉప్పాడ బడిలో లోవకు చదువు చెప్పినావిడ. పెళ్లి చేసుకోలేదు, చెల్లెలితో కాకినాడలోనే ఉంటోంది. బిగించి వేసిన ముడి, నిగనిగలాడే నల్లటి జుట్టు. ఆ వయసులో ఒక్క తెల్ల వెంట్రుక లేదని స్టాఫ్ రూములో అందరూ అసూయపడతారట. నెలాఖరుకు రిటైరవుతోంది. ఈ శుక్రవారానికి వారం ముందే ఒకసారి వచ్చి, గొంతు తగ్గించి, ముడి లోపల ఎవరికీ కనబడకుండా ఒక రంగు కావాలని అడిగి వెళ్లింది. లోవ సంబరపడి నా ఎడమ వైపు పొడుగాటి పాయకు నెమలికంఠం వేసి పెట్టింది. ఆ పాయను వేళ్ల మధ్య తిప్పి చూసి, టీచరు చిన్నపిల్లలా నవ్వింది.

కత్తెర తీసేసరికి మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది. "శుక్రవారం కత్తెర తగలనివ్వనమ్మా. రంగు వేసెయ్."

"చిటికెడేనండి టీచరు గారూ. చెవి వెనకాల."

"చిటికెడైనా జుట్టే కదే."

తలకు ఏమైనా పెడుతున్నారా అని లోవ అడిగింది. ఏమీ లేదంది ఆవిడ. ఇంకెవరైనా అయితే లోవ మళ్లీ అడిగేది, లేకపోతే శనివారం రమ్మని పంపేసేది. కానీ అబద్ధం ఆడకూడదని తనకు నేర్పిన నోరది. ఆ నోటిని రెండోసారి అడగడానికి లోవకు మనసొప్పలేదు. కత్తెర పక్కన పెట్టేసింది.

లోవ మందు పూసి, జుట్టును పల్చటి అల్యూమినియం రేకుల్లో మడిచాక కాసేపు ఇద్దరూ బడి కబుర్లు చెప్పుకున్నారు. అంతలో రేకులు వేడెక్కాయి. ఒక మడతలోంచి సన్నగా ఆవిరి లేచింది. లోవ పరిగెత్తుకొచ్చి రేకు విప్పి, నీళ్లు వదిలింది. జుట్టు నానిన సేమియాలా ఆమె చేతిలోకి జారి వచ్చేసింది. మెడ దగ్గర నుంచి సగం తల దాకా పోయింది. నీళ్ల చప్పుడులో టీచరు అన్న మాట నాకు వినబడింది. బజారులో అమ్మే నల్ల గోరింటాకు పొడి, ఏళ్ల తరబడి పెట్టుకుంటున్నానని. ఆ పొడిలో కలిపే లోహపు లవణాలకూ లోవ మందుకూ పడదు. చిటికెడు జుట్టు గిన్నెలో పడి ఉంటే గిన్నె వేడెక్కేది, తల మిగిలేది.

టీచరు ఏడవలేదు, అరవలేదు. తలంతా కొంగు కప్పుకుని ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

మరునాడు లోవ నన్ను బల్ల మీద నుంచి విప్పి ఒళ్లో పెట్టుకుంది. నా వెనక వైపు జుట్టు అప్పటికీ రంగెరగని నల్లటి జుట్టే. ఏదైనా పెద్ద పనికి పనికొస్తుందని దాచింది. చిన్న సూదితో ఒక్కొక్క కుదురే ఊడదీసింది. మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్లకు పోగులు ముడివేయడం ఒకరు నేర్పాలా? దారం మీద వరసలు కట్టి, సవరం తయారు చేసింది. నా ఎడమ వైపు నెమలికంఠం పాయను దాని కడుపులో పెట్టి, చుట్టూ నలుపు కప్పింది. పాత రంగులతో పీచులా మిగిలిన వెంట్రుకల్ని కూడా పీకి పారేసింది. ముడి వేస్తే ఎవరికీ కనబడదు, విప్పిన మనిషికే కనబడుతుంది. నాకు నొప్పి తెలియదు. కానీ ఆ వేళ్లు వణకడం తెలిసింది. నేనూ ఒకరికి పనికొస్తున్నానని కూడా తెలిసింది.

కబురు పంపితే టీచరు వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి సవరం అందుకుంది. చివర పట్టుకుని తిప్పి చూసింది, మధ్యలో వేళ్లు ఆగాయి. ఆవిడ ఏమీ అనకుండా సవరాన్ని చేతిరుమాలులో చుట్టుకుని మెట్లు దిగిపోయింది. మళ్లీ రాలేదు.

రంగు చూసి టీచరుకు కోపం వచ్చిందా, లేక జుట్టు పోయిన కోపం ఇంకా పోలేదా? ఆ ఒక్క సంగతి తెలియకే లోవ చెయ్యి చచ్చుబడింది. మందు డబ్బా మూత తీస్తే వేళ్లు ఆడేవి కావు. అమ్మాయిలు రంగు అడిగితే మందు అయిపోయిందనేది. కనుబొమలు తీయడం, కత్తిరించడం, అంతవరకే. రంగు గిన్నెల్లో దుమ్ము పేరుకుంది. ఒకటి రెండుసార్లు టీచరు ఇంటి వీధి దాకా వెళ్లి తిరిగొచ్చానని ఫోనులో వాళ్ల నాన్నకు చెప్పడం విన్నాను. అవతల ఆయన ఏమన్నాడో తెలియదు గాని లోవ చాలాసేపు ఊ కొట్టింది. నన్ను బీరువా పైకెక్కించారు. బోడితలతో, నీలికళ్లతో అక్కడి నుంచి నవ్వుతుంటే, అమ్మల వెంట వచ్చిన పసివాళ్లు జడుసుకునేవారు.

మరుసటి ఏడు వానల్లో ఒక మధ్యాహ్నం, తడిసిన గొడుగు బయట ఆరబెట్టి ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. భ్రమరాంబ టీచరు చెల్లెలు కామేశ్వరినని చెప్పుకుంది. కూర్చోమంటే కూర్చుని, అక్కయ్య పోయిందని, నిద్రలోనే వెళ్లిపోయిందని, పెద్ద కర్మ కూడా అయిందని చెప్పింది.

"అది చెప్పడానికి కాదమ్మా నేనొచ్చింది" అంది కామేశ్వరి. "ఆఖరి స్నానానికి ముడి విప్పితే లోపల ఆ రంగు. చుట్టుపక్కల ఆడాళ్లు ఇదేంటని అడిగేరు. నాకేమో దాని పేరు తెలీదు. రోజూ సాయంత్రం పెరట్లో కూర్చుని ఆ పాయ బైటికి తీసి ఎండకి తిప్పుకునేది. తడి మాత్రం తగలనిచ్చేది కాదు. ఈ వయసులో ఈ సింగారమేంటక్కా అంటే, నాది కాదే, లోవ చేతి పని అనేది."

లోవ అడిగింది. "మరి ఒక్కసారీ రాలేదేంటండి?"

కామేశ్వరి కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "నేనూ పోరేను, వెళ్లి పలకరించి రావే అని. ఆ పిల్లకి నిజం చెప్పమని నేర్పి, నేనే అబద్ధం ఆడేను, ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటావు అనేది. నువ్వే క్షమించవనుకుందమ్మా."

బయట వాన తగ్గింది. ఇద్దరు మనుషులు, మధ్యలో నాలుగు వీధులు. ఏడాది పొడుగునా ఒకరి మన్నింపు కోసం ఒకరు ఎదురుచూశారు. రబ్బరు తలనైన నాకే అది విని ఏదోలా అయింది.

"సవరం..." అంది లోవ.

"తీసేద్దామన్నారు. నేను తియ్యనివ్వలేదు. దాంతోనే పంపించేం." కామేశ్వరి లేచి గొడుగు తీసుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఇంతకీ ఏం రంగమ్మా అది?"

"నెమలికంఠమండి."

ఆ పేరును పెద్దావిడ రెండుసార్లు పెదవుల మీద అనుకుని, తల ఊపి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం లోవ ఒక రంగు గిన్నె తీసి కడిగి బోర్లించింది. అందులో మళ్లీ రంగు కలుపుతుందో లేదో నాకు తెలియదు. తర్వాత ముక్కాలి పీట వేసుకుని నన్ను బీరువా మీద నుంచి దించింది. ముఖం మీది దుమ్ము కొంగుతో తుడిచింది. సూదులు వదిలిన చిన్న చిన్న బెజ్జాల మీద అరచెయ్యి పెట్టి, కిటికీ దగ్గర కూర్చుంది.

"దొరసానీ, విన్నావా?" అంది.

విన్నాను. ఆ చెయ్యి అలాగే ఉంది, వణకలేదు.