సారంగపాణి కంటికి చిక్కని కేకు

ప్రమీల చేసే క్రిస్మస్ కేకు సంగతి హనుమకొండలో ఎవరినడిగినా చెబుతారు. ఒక ఏడు ఆ వాసనకు పరకాల బస్సు డ్రైవరు దారి మరిచి చర్చి గేటు ముందు బండి ఆపాడట, జనమంతా తలో ముక్క తిన్నాకే బస్సు కదిలిందట. బస్సు మాట ఎలా ఉన్నా, ఇరవై రెండేళ్ళుగా పండుగనాడు ఆరాధన కాగానే సంఘమంతా కోసుకు తినేది ఆమె కేకే. అది మాత్రం నిజం.

ఈసారి చిక్కు కొబ్బరి చక్కెరతో వచ్చింది. రాజోలులో ఉండే చెల్లెలు రెండు కిలోలు పంపింది. కొబ్బరి పూగెల గీస్తే కారే నీరాను కాచి చేస్తారట. చూపుకు ఏటి ఇసుక, వాసనకు కొత్త బెల్లం. చిటికెడు నాలుక మీద వేసుకుందో లేదో, ఇన్నేళ్ళూ తెల్ల చక్కెరతో కాలం వృథా చేశానే అనిపించింది ప్రమీలకు. అనిపించి ఊరుకోక, స్త్రీల కూడికలో లేచి ఈ ఏడు కేకు దీనితోనే అని చాటేసింది.

సంఘపెద్ద ఇమ్మానుయేలు ఊరుకుంటాడా?

"ఏంది సిస్టరమ్మా, నీరా అంటానవ్? కేకు తిని సంఘమంతా తూలుకుంట పాటలు పాడాల్నా?"

"కాచినంక ఇంక కల్లు ఏడుంటది అన్నా? గది చక్కెరే."

"మంచిది. కుదరకపోతే మాత్రం బేకరీల క్రీము కేకు చెప్త. ఈ ఒక్క ఏడే అనుకోకు, ఇగ ప్రతి ఏడు గదే."

ప్రమీల నవ్వి ఒప్పుకుంది.

ఆ వాడలో కేకు పిండి ఇంట్లో కలుపుతారు, కాల్చేది బన్నులు చేసే సారంగపాణి భట్టీలో. డిసెంబరు వచ్చిందంటే పేరు చీటీ అంటించిన ట్రేలు అక్కడ బారులు తీరుతాయి. సారంగపాణికి గడియారం అక్కర్లేదు. నలభై ఏళ్ళుగా రంగు చూసే తీస్తున్నాడు. నిద్రలో ఒక కన్ను తెరిచి బన్నులు తీశాడని అతనే చెప్పుకుంటాడు.

ఇరవై మూడో తారీఖున ప్రమీల మొరటు చక్కెరను మిక్సీలో పట్టి, జల్లించి, పిండి కలిపి ట్రే ఇచ్చి వచ్చింది. ఎప్పుడూ పట్టే సమయంలో సగానికే కేకు ఇంటికొచ్చింది. చూడటానికి వచ్చిన ఇమ్మానుయేలు ముందే కత్తి పెట్టింది. పైన కేకు, లోపల జావ.

ఇమ్మానుయేలు ఫోను తీశాడు. "రేపు పొద్దుగూకేదాంక చూస్త సిస్టరమ్మా. అటెన్క ఆర్డరే."

అతను వెళ్ళాక ప్రమీల ఆ జావను వేలితో తీసి చూసింది. పచ్చి పిండే, కానీ కాలిన కేకు రంగులో ఉంది. తప్పు చక్కెరది కాదు, సారంగపాణి కన్నుది!

మరునాడు పొద్దున్నే మిగిలిన చక్కెరతో మళ్ళీ కలిపింది. ట్రేతోపాటు గిన్నెలో గరిటెడు పిండి, కొంగులో నాలుగు చీపురు పుల్లలు పట్టుకుపోయి భట్టీ నోటి దగ్గరే స్టూలు వేసుకుంది.

పావుగంట కాలేదు, సారంగపాణి ట్రేలు తీసే పార అందుకున్నాడు.

"మాడిపోతాంది చెల్లె, జరుగు!"

"మాడుతలేదు పాణన్నా. పార పక్కకు పెట్టు."

"నాకు నేర్పుతానవా? రేపు జనం నా భట్టీనే తిడుతరు!"

ప్రమీల గిన్నె అతని ముక్కు కింద పెట్టింది. "గిది ఇంక పొయ్యి మొఖం చూడలే. రంగెట్లుంది చెప్పు?"

సారంగపాణి గిన్నెలోకి చూశాడు, భట్టీలోకి చూశాడు, మళ్ళీ గిన్నెలోకి చూశాడు. రెండూ ఒక్క రంగే. పార గోడకు ఆనించాడు.

కేకులో గుచ్చిన మొదటి పుల్ల తడిగా వచ్చింది. రెండోదీ అంతే. భట్టీ వేడికి ప్రమీల మొహం మిరపపండైంది గానీ స్టూలు కదల్లేదు. మూడో పుల్ల గుచ్చి తీసింది. పొడిగా, శుభ్రంగా, కడిగినట్టు వచ్చింది.

"ఇగ తియ్యన్నా!" అని ఆమె కేక వేస్తే వీధి చివర మేకలు తలెత్తాయి.

పండుగనాడు కేకు కోస్తే బెల్లం వాసన ఆఖరి బెంచీ దాకా పోయింది. పిల్లలు పాట మధ్యలో ఆపేశారు. ఇమ్మానుయేలు ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. అందరూ ప్రార్థన అనుకున్నారు. కళ్ళు తెరిచి, సంఘమంతా వినేలా అన్నాడు:

"క్రీము కేకు మాట ఎవ్వరన్న ఎత్తితే గేటు బయట నిలబెడ్త. మనకు కేకంటే సిస్టరమ్మదే!" ఆ మాటంటూనే ఖాళీ ప్లేటు ముందుకు చాపాడు.

ప్రమీల కత్తి తుడుచుకుంటూ అతని వెనక ఉన్న వరస వైపు వేలు చూపింది.

"లైన్ల రా అన్నా. ముందు పిల్లలున్నరు."

సంఘపెద్ద బుద్ధిగా పోయి వరస చివర నిలబడ్డాడు.