తుంగకు దువ్వెన

మా అన్న ఎల్లేశ్‌కు వనితతో పెళ్లి కుదిరేదీ లేనిదీ ఆ ఆదివారం తేలాలి. వాళ్లు ఇల్లు చూశారు, పిల్లవాణ్ణి చూశారు, అంతా నచ్చింది. వనిత తండ్రి హన్మయ్య మాత్రం, "పిలగాడు పనిచేసే కాడికి పొయ్యి నా కండ్లతోని చూస్త" అన్నాడు. అన్న అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో తోటమాలి. నేను అక్కడే ఊడుస్తాను, అంట్లు తోముతాను.

తుంగ లేకపోతే ఆ తోటను చూపించడానికి అన్నకు భయమే ఉండేది కాదు.

ఫామ్‌హౌస్ తేజస్వి మేడమ్‌ది. ఆమెకు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వానాకాలం మొదట్లో బెంగళూరు నర్సరీ నుంచి తుంగ తెప్పించింది. అందం కోసం పెంచే రకమట. ఆకు మధ్యలో పసుపు గీత ఉంటుంది, కుచ్చులా పెరిగి పక్కకు వాలుతుంది. దానికి నీడ కావాలి, మొదట్లో తడి ఆరకూడదు, ఎండిన ఆకులను మెల్లగా దువ్వి తీయాలి. అన్న మొదట వేళ్లతో దువ్వాడు. ఆకు అంచులకు వేళ్లు తెగాయి. తర్వాత మా అమ్మ పాత దువ్వెన తెచ్చుకున్నాడు.

మా వైపు తుంగ అంటే కలుపు, దాన్ని పీకుతారు, దువ్వరు. హన్మయ్యకు తన ఊరు సురంగల్‌లో పేరు వచ్చిందే తుంగ పీకినందుకు. తన టమాట చేనులో ఒక్క తుంగ పోచ కనబడినా ఆ పూట ఆయనకు అన్నం దిగదని చెప్పుకుంటారు.

ఆయన వచ్చేసరికి అన్న మామిడిచెట్టు కింద కూర్చొని సరిగ్గా ఆ తుంగనే దువ్వుతూ ఉన్నాడు. హన్మయ్య వంగి ఒక కాడ తెంపి వేళ్ల మధ్య దొర్లించాడు. తుంగ కాడకుండే మూడు అంచులు తగిలాయి.

"ఇది తుంగ గదరా!"

"అవును కాకా. జర వేరే తీరుది."

"నీళ్లు వోస్తవా దీనికి?"

"పోస్త."

"తలకాయ గూడ దువ్వుతవా?"

అన్న దువ్వెనను వెనక దాచుకున్నాడు. "మేడం చెప్పింది కాకా."

"నూనె రాయమనలే?"

"లే కాకా. నూనె రాస్తే చస్తది."

ఈ ఒక్క జవాబూ చెప్పకుండా ఉండాల్సిందని అరుగు ఊడుస్తున్న నాకు అనిపించింది. హన్మయ్య మొహం ముడుచుకుంది.

"తుంగకు నీళ్లు వోసేటోనికి పిల్లనిచ్చిన అంటే ఊళ్లె నన్ను బతుకనిస్తరా? నాతోని గాదు."

అన్న గబగబా లేచాడు. "జర చాయ్ తాగి పో కాకా" అని వంటింట్లోకి పరుగెత్తాడు.

హన్మయ్య, తుంగ మిగిలారు. ఆయన కాసేపు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. లాభం లేకపోయింది. గబుక్కున వంగి ఒకటి పీకాడు. కింద గడ్డ కనబడలేదు. గడ్డ మిగిలితే మళ్లీ మొలుస్తుందని అక్కడున్న కలుపు తీసే కుర్పీ తీసుకొని తవ్వాడు. అక్కడా లేదు. పక్క మొక్క కింద దాక్కుందేమోనని దాన్నీ పీకాడు. నేను "పెద్దయ్యా, పెద్దయ్యా" అంటూనే ఉన్నాను గానీ నా గొంతు నాకే వినబడదు. అన్న చాయ్ తెచ్చేసరికి ఒక వరుస మొత్తం వేర్లు ఆకాశానికి పెట్టి పడి ఉంది.

"ఇగ చూడు, ఎంత సాఫయిందో" అన్నాడు హన్మయ్య.

అన్న చాయ్ కింద పెట్టి తనూ పక్కనే కూలబడ్డాడు. "కాకా, ఇది చూపియ్యనీకే మేడం దోస్తులను తీస్కొని వస్తున్నది. ఇప్పుడే ఫోన్ జేసింది, మెహదీపట్నం దాటిందంట. నా నౌకరి పాయె."

హన్మయ్య చెడ్డవాడు కాదు. పీకినవాటి వైపు, అన్న వైపు చూసి మెత్తబడ్డాడు.

"ఫికర్ జెయ్యకు. పీకినోన్ని నేనే, నాటేటోన్ని గూడ నేనే" అని పంచె ఎగగట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాటాడు, మట్టి అదిమాడు, నీళ్లు పోశాడు. ఆకులన్నీ చిక్కుపడి ఉన్నాయి. అటూ ఇటూ చూసి చెయ్యి చాపాడు. "తే ఆ దువ్వెన."

ఆడపిల్లలకు జడలు వేసిన చెయ్యేమో, అన్న కంటే బాగా దువ్వాడు.

అప్పుడే గేటు దగ్గర బండి ఆగింది. మేడమ్ కాదు, సురంగల్ నుంచి పాలు తెచ్చే కుర్మయ్య. అతని కంట పడ్డది మధ్యాహ్నంలోగా ఊరంతా తెలుస్తుంది.

"హన్మన్నా! ఏంజేస్తున్నవే? తుంగకు తలదువ్వుతున్నవా?"

"నేనెందుకు దువ్వుత?" అన్నాడు హన్మయ్య, దువ్వుతూనే. "ఇది బెంగళూరు మాల్, నీకెర్కలే. మా అల్లుని తోట. పిలగానికి పని ఎక్కువైతే జర ఆసరైతున్న."

"అల్లుడా? ఎప్పుడైండే?"

"ఇయ్యాల్నే అయిండు. పో, ఊళ్లె చెప్పు. గదొక్కటే చెప్పు, ఇంకేం చెప్పకు."

కుర్మయ్య పాలు పోయడం కూడా మరిచి బండి తిప్పాడు. అన్న తన చేతిలో మిగిలిన చివరి మొక్కను గుంతలో పెట్టి, నోరు తెరుచుకొని, మట్టి కప్పుతూనే ఉన్నాడు.

"గట్ల చూస్తవేంది అల్లుడా?" అన్నాడు హన్మయ్య. "వేర్లు మీదికున్నయ్. తిప్పి నాటు."